యుద్ధానంతర జర్మన్ చిన్న డీజిల్ ట్రాక్టర్లు: సమస్యలు - పరిష్కారాలు

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీలో, గుర్రాలతో సేద్యం చేసే చిన్న రైతులను దృష్టిలో పెట్టుకొని 11 నుంచి 22 అశ్వశక్తి గల డీజిల్ ట్రాక్టర్లు వచ్చాయి. చలికాలంలో ఇంజన్‌లోని నీళ్లు గడ్డకట్టే బెడద లేకుండా చేయడానికి 1948లో ఐషర్, 1950 ప్రాంతంలో డాయిట్స్ కంపెనీలు గాలితో చల్లబడే ఇంజన్లను ట్రాక్టర్లకు అమర్చాయి. ఈ బండ్లలో నేటికీ కనిపించే లోపాలు చాలావరకు ఆనాటి నిర్మాణం నుంచే పుట్టినవి కాబట్టి, స్పానర్ పట్టే ముందు ఆ నిర్మాణాన్ని తెలుసుకోవడం మంచిది.

సమస్య: చలిలో ఇంజన్ స్టార్ట్ కాదు

డాయిట్స్ ఎఫ్1ఎల్ 514లో 110 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 140 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) గల ఒకే సిలిండరు ఉంటుంది. శక్తి 15 అశ్వశక్తి. ఇందులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద కాక, హెడ్‌లోని చిన్న గదిలోకి చిమ్ముతుంది. చల్లబడిన ఆ గది గోడలు, పిస్టన్ నొక్కడంతో వేడెక్కిన గాలిలోని వేడిని లాగేసుకుంటాయి కనుక గ్లో ప్లగ్ (కరెంటుతో కాలే చిన్న తీగ) ఎర్రబడనిదే ఇంధనం అంటుకోదు. డ్యాష్‌బోర్డు మీది గ్లో సూచిక అసలు వెలగకపోతే ప్లగ్ తీగ తెగి ఉండవచ్చు, లేదా కనెక్షన్ ఊడి ఉండవచ్చు. మరీ తొందరగా, మరీ ప్రకాశంగా వెలిగితే ఎక్కడో షార్ట్ అయినట్లు. సూచిక సరిగానే ఉన్నా ఇంజన్ అందుకోకపోతే కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి), ఆ తరువాత నాజిల్ (డీజిల్ చిమ్మే ముక్కు) చూడాలి.

సమస్య: స్టార్ట్ అయి, కొంతసేపు నడిచి ఆగిపోతుంది

ట్యాంకు మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. అలా కాకపోతే ఫిల్టరు, పైపుల జాయింట్లు చూసి, ఇంధన పైపుల్లో చిక్కిన గాలిని తీసేయాలి.

సమస్య: ఇంజన్ విపరీతంగా వేడెక్కుతుంది

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ఇదే, ఎందుకంటే నీళ్ల ఇంజన్‌లా ఆవిరి కక్కి హెచ్చరించే గుణం గాలితో చల్లబడే ఇంజన్‌కు లేదు. సిలిండరు చుట్టూ వేడిని వదిలే లోహపు రెక్కల మధ్య నూనె మరక మీద దుమ్ము, ఊక పేరుకుంటే గాలి ఆడదు; ముందు నూనె కారే చోటు సరిచేసి, ఆ తరువాతే రెక్కలను శుభ్రం చేయాలి, లేకుంటే కొద్ది రోజుల్లో మళ్లీ అదే స్థితి. డాయిట్స్‌లో బ్లోయర్ (గాలి తోసే ఫ్యాన్) బెల్టు బిగువు కూడా చూడాలి. రేకు తొడుగులు విప్పేస్తే గాలి బాగా తగులుతుందనే నమ్మకం పూర్తిగా తప్పు: గాలిని రెక్కల మధ్యకు తోసేవి ఆ రేకులే, అవి లేకపోతే గాలి పక్కలకు పోయి సిలిండరు వెనుక భాగం కాలిపోతుంది. 1959 నుంచి ఫరీదాబాద్‌లో తయారైన ఐషర్ ట్రాక్టర్లదీ ఇదే వంశం కనుక పాత ఐషర్ ఉన్న మన రైతులకూ ఈ మాట వర్తిస్తుంది.

దీనికి భిన్నంగా, ఆ కాలపు మరో జర్మన్ ట్రాక్టరు అల్‌గైయర్ ఆర్ 22లో నీళ్లు మరిగి ఆవిరైపోవడం ద్వారానే ఇంజన్ చల్లబడుతుంది. అక్కడ ఆవిరి రావడం లోపం కాదు. తగ్గిన నీళ్లు పోస్తే చాలు.

సమస్య: పొగ

లోడు మీద నల్లపొగ వస్తే ముందు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ (గాలిలోని దుమ్మును నూనెలో పట్టే పాత్ర) విప్పి కడగాలి, ఆ తరువాత నాజిల్ పరీక్షించాలి. క్లీనర్‌లో గుర్తుకు మించి నూనె పోయరాదు; ఇంజన్ ఆ నూనెను పీల్చుకొని అదుపు తప్పి పరుగెత్తగలదు. నీలిపొగకు సాధారణంగా అరిగిన పిస్టన్ రింగులు కారణం. డాయిట్స్ గాలి ఇంజన్లలో ప్రతి సిలిండరూ విడిగా ఊడివస్తుంది కాబట్టి రింగులు మార్చడానికి ఇంజన్ మొత్తం దించనక్కరలేదు.

సమస్య: ఇంజన్ అరుస్తుంది, బండి లాగదు

పోర్షే-డీజిల్ ట్రాక్టర్లలో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నూనెతో పనిచేసే కప్లింగ్ ఉంటుంది. దానిలో నూనె తగ్గితే జారుడు పెరుగుతుంది. క్లచ్ ప్లేటు మార్చే ముందు ఆ నూనెను చూసి, కారుతున్న సీలు మార్చాలి. ఇంజన్ ఆగాక ఈ కప్లింగ్ చక్రాలను పట్టి ఉంచలేదు కనుక, వాలులో గేరు వేసి వదిలేయకుండా హ్యాండ్ బ్రేకు లాగి చక్రాలకు అడ్డు పెట్టాలి.