పాత పికప్‌కి ఇంజిన్ మార్పు, 3వ పాఠం: ఎక్కించడం

పోయిన పాఠంలో పాత ఇంజిన్ దించేశాం. కొన్న ఇంజిన్‌కి కంప్రెషన్ చూసి, క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన షాఫ్ట్, ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతోందో చూసి, పనికొస్తుందని తేల్చుకున్నాం. గేర్ బాక్స్ బండిలోనే ఉంది, దాని కింద జాకీ ఉంది. ఇక్కడికి రాగానే చాలామందికి ఆత్రం, వెంటనే చైన్ బ్లాకుకి తగిలించి బానెట్ కింద దూర్చేద్దామని. ఆగండి. నేల మీద ఉన్న ఇంజిన్‌కి ఒక సీల్ మార్చడం చిన్న పని, అదే సీల్ ఎక్కించాక కారితే మొత్తం మళ్ళీ దించాలి. అందుకే ఈ పాఠంలో సగానికి పైగా నేల మీద చేసే పనే ఉంటుంది.

ఒడిశాలో కొరాపుట్, జయపురం, రాయగడ వైపు మనవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉన్నవి పాత బొలెరో పికప్పులు, 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజిన్, మెకానికల్ డీజిల్ పంపు. నేను రాసేది దాన్ని దృష్టిలో పెట్టుకునే. మీ బండి వేరేదైనా వరస ఇదే, బోల్టుల టైటు లెక్కలు మాత్రం మీ బండి మాన్యువల్లోవే తీసుకోండి. ఇంకో మాట, మెకానికల్ పంపు బండిలోకి కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్‌ని కంప్యూటర్ అదుపు చేసే రకం) చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే, దానికి ఈసీయూ అనే ఆ కంప్యూటర్, వైరింగు, సెన్సార్లు, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ కావాలి. అది ఈ పాఠాల పరిధి కాదు, మొదటిసారి చేసేవాళ్ళు అటు వెళ్ళకండి.

ముందు సంప్ చూడండి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, మన మెకానిక్‌లు చాంబర్ అంటారు కదా, అదే. కొన్న ఇంజిన్ జీపులోదో, ఫోర్ వీల్ బండిలోదో అయితే చాంబర్ లోతుగా ఉండే వైపు మారిపోవచ్చు, అప్పుడు అది క్రాస్ మెంబరుకి, అంటే ఛాసిస్ అడ్డ దూలానికి, తగులుతుంది. పాత ఇంజిన్‌దీ దీనిదీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే పాత చాంబర్ విప్పి దీనికి వేయాలి, కానీ చాంబర్ ఒక్కటే వేస్తే చాలదు, లోపల ఆయిల్ పీల్చే స్ట్రెయినర్ గొట్టం కూడా పాతదే దానితో పాటు రావాలి. ఆ రెండూ జత. జత తప్పితే స్ట్రెయినర్ మూతి ఆయిల్ ఉన్న చోటికి అందదు. సమతలం మీద ఏమీ తెలీదు, ప్రెషర్ లైటు కూడా వెలగదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేచి ఆయిలంతా వెనక్కి పోతుంది, అప్పుడు స్ట్రెయినర్ గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, మన బండ్లు లోడుతో ఆ ఎత్తు ఎక్కాల్సిందే, కాబట్టి మైదానంలో తిరిగే వాళ్ళకి చెల్లే నిర్లక్ష్యం మనకి చెల్లదు.

తర్వాత వెనక వైపు. ఫ్లైవీల్ (క్రాంకు వెనక చివర ఉండే బరువైన చక్రం) విప్పి క్రాంకు వెనక ఆయిల్ సీల్ కొత్తది వేయండి, పాతది బాగానే ఉన్నట్టు కనిపించినా సరే. క్రాంకు మీద పాత సీల్ పెదవి ఆనిన చోట గోటికి తెలిసేంత గాడి పడి ఉంటే, కొత్త సీల్‌ని ఆ గాడి మీదే కూర్చోనివ్వకుండా, హౌసింగులో చోటుంటే కొంచెం లోపలికో బయటికో జరిపి దిగ్గొట్టండి. సీల్ పెదవికి ఇంజిన్ ఆయిల్ రాయడం మరవకండి, పొడిగా తిరిగితే మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. క్రాంకు వెనక చివర సరిగ్గా మధ్యలో, గేర్ బాక్స్ షాఫ్ట్ ముక్కు ఆనే పైలట్ బేరింగ్ కూడా ఇప్పుడే మార్చేయాలి, దాని ఖరీదు పెద్దదేం కాదు.

ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్ళు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. ఉంటే లేత్ షాపులో ముఖం చదును చేయించాలి, పగులు లోతుగా ఉంటే వేరే ఫ్లైవీలే తెచ్చుకోవాలి. ఫ్లైవీల్ అంచున ఉండే రింగు పళ్ళు చుట్టూ వేలు పెట్టి తడమండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడల్లా ఇంచుమించు రెండే చోట్ల ఆగుతుంది, సెల్ఫ్ మోటారు పళ్ళు మళ్ళీ మళ్ళీ అక్కడే కొడతాయి, అందుకే ఎదురెదురుగా రెండు చోట్ల అరిగి మిగతా అంతా కొత్తగా ఉంటుంది. అలా ఉంటే రింగుని వేడి చేసి ఊడదీసి, పావు చుట్టు జరిపి మళ్ళీ బిగిస్తారు, కొత్త రింగు అక్కర్లేదు. ఫ్లైవీల్ బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) బిగించండి. టార్క్ రెంచి లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి. మిగ్ విమానాల ఇంజిన్ల కోసం 1964లో పెట్టిన హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ మన సునాబెడలోనే ఉంది, అక్కడ పనిచేసి రిటైరైన ఫిట్టర్ మీ వీధిలో ఉంటే వెళ్ళి అడగండి, రెంచితో పాటు దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా చెప్తారు.

ఇప్పుడు క్లచ్. ఫ్లైవీల్ ముఖం, ప్రెషర్ ప్లేట్ ముఖం థిన్నరుతో తుడిచి, ఆ తర్వాత జిడ్డు చేతులతో ముట్టుకోవద్దు. క్లచ్ ప్లేటుకి ఒక పక్క బొడ్డు పొడుచుకొచ్చి ఉంటుంది, సాధారణంగా అది గేర్ బాక్స్ వైపు ఉండాలి, చాలా ప్లేట్ల మీద రాసే ఉంటుంది, చదవండి. ప్లేటుని సరిగ్గా మధ్యలో నిలబెట్టడానికి సెంటరింగ్ టూల్ కానీ, స్క్రాపులో దొరికే పాత క్లచ్ షాఫ్ట్ కానీ వాడండి. కంటితో చూసి సెంటర్ చేశాననుకుంటే ఇంజిన్ గాల్లో వేలాడుతున్నప్పుడు ఆ ఫలితం తెలుస్తుంది. క్లచ్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటుని నొక్కే రిలీజ్ బేరింగ్ కూడా కొత్తదే.

ఎక్కించడానికి ఒక టన్ను చైన్ బ్లాక్ చాలు, కానీ అది వేలాడే చోటు ముఖ్యం. చెట్టు కొమ్మ వద్దు, వెదురు వద్దు, ఇనప పైపుల మూడు కాళ్ళ స్టాండో, షెడ్డు గర్డరో ఉండాలి. ఇంజిన్ బరువు ఇద్దరు మనుషుల బరువు దాటుతుంది. వేలాడుతున్న ఇంజిన్ కింద ఎవరూ తల పెట్టకూడదు, ఇంజిన్ బ్లాకుకీ బెల్ హౌసింగుకీ (గేర్ బాక్స్ ముందు ఉండే గంట ఆకారపు తొడుగు) మధ్య ఎవరూ వేలు పెట్టకూడదు, ఈ రెండు విషయాల్లో నాకు రాజీ లేదు. గొలుసు కట్టేటప్పుడు ఇంజిన్ ముక్కు కొంచెం పైకి, తోక కొంచెం కిందకి ఉండేలా కట్టండి, లోపలికి అలానే దిగుతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. బ్లాకు వెనక డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూడండి, పాత ఇంజిన్‌లోనే ఉండిపోతే లాగి దీనికి వేయండి, ఇంజినూ గేర్ బాక్సూ ఒకే గీత మీద ఉండేది వాటివల్లే. రెండు పొడుగు బోల్టుల తలలు కోసి, పై రంధ్రాల్లో స్టడ్‌ల్లా బిగించుకోండి, ఇంజిన్ వాటి మీద జారుతూ వెళ్తుంది, పక్కకి తప్పిపోదు. గేర్ బాక్స్‌ని గేర్లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టండి. ఇంజిన్‌ని మెల్లగా వెనక్కి తోస్తూ, జాకీని అరంగుళం పైకీ కిందకీ ఆడిస్తూ, బ్లాకుకీ హౌసింగుకీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందా చూడండి. పైన సందు ఎక్కువ, కింద తక్కువ ఉంటే కోణం తప్పు, ముందు కోణం సరిచేయండి. సందు సమంగా ఉండి కూడా ఆగిపోయిందంటే గేర్ బాక్స్ షాఫ్ట్ మీది గాళ్ళూ క్లచ్ ప్లేటు బొడ్డులోని గాళ్ళూ కలవలేదని అర్థం, ఇంజిన్ ముందు వైపు ఉన్న పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి క్రాంకుని తిరిగే దిక్కులోనే కొద్ది కొద్దిగా తిప్పండి, పక్కన ఒకరు ఇంజిన్‌ని వెనక్కి నొక్కి పట్టాలి. గాళ్ళు కలిసిన క్షణంలో టక్కున లోపలికి జారుతుంది, చేతికి తెలుస్తుంది.

జారకపోతే ఏం చేయకూడదో అదే చాలా షెడ్లలో చేస్తారు: చుట్టూ బోల్టులు పెట్టి బిగిస్తూ లాగుతారు. దయచేసి అలా చేయకండి. బోల్టు లాగే బలానికి హౌసింగు చెవి పగులుతుంది, లేదా క్లచ్ ప్లేటు బొడ్డు వంగుతుంది, ఆ వంగిన ప్లేటు గేరు పడనివ్వదు, మీరు గేర్ బాక్స్ పాడైందని దాన్ని విప్పుకుంటూ కూర్చుంటారు. చేతి నొక్కుతో రెండు ముఖాలూ కలిసి ఆనాకే బోల్టులు. ఎంత సేపైనా పట్టనివ్వండి, అవసరమైతే వెనక్కి తీసి క్లచ్ ప్లేటు సెంటర్ మళ్ళీ చూసుకోండి, టీ తాగి రండి. బోల్టులన్నీ బిగించాక గేరు న్యూట్రల్ చేసి క్రాంకుని రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పండి. కంప్రెషన్ దగ్గర బరువు తగలడం మామూలే, ఇనుముకి ఇనుము తగిలినట్టు ఆగితే మాత్రం విప్పి చూడాల్సిందే.

ఇంజిన్ ఛాసిస్ మీద ఆనే ఫౌండేషన్ రబ్బర్లు కొత్తవి వేయండి, పాతవి ఆయిల్ తాగి మెత్తబడి ఉంటాయి. అన్ని బోల్టులూ వదులుగా పెట్టి, ఇంజిన్ తన బరువుతో కూర్చున్నాకే బిగించాలి.

రెండు తగిలింపులు మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. ఒకటి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్ళే ఎర్త్ పట్టీ. అది లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ యాక్సిలరేటర్ కేబుల్ గుండానో, దొరికిన ఇంకో ఇనప తీగ గుండానో పోతుంది, అది ఎర్రగా కాలుతుంది. రెండోది, ఆల్టర్నేటర్ వెనక ఉండే వాక్యూమ్ పంపు. డీజిల్ ఇంజిన్ తనంతట తాను బ్రేక్ బూస్టరుకి, అంటే పెడల్ తేలిగ్గా దిగేలా సాయపడే డబ్బాకి, సరిపడా వాక్యూమ్ ఇవ్వదు, ఆ పంపే ఇవ్వాలి. దానికొచ్చే ఆయిల్ పైపు, తిరిగెళ్ళే పైపు, బూస్టరుకి వెళ్ళే గొట్టం మూడూ పగుళ్ళు లేకుండా ఉండాలి. వాక్యూమ్ లేకుండా ఘాట్ దిగితే బ్రేక్ పెడల్ రాయిలా ఉంటుంది.

కాగితాల సంగతి కూడా ఈ వారమే మొదలుపెట్టండి. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి, మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం రిజిస్టర్ చేసే ఆఫీసుకి చెప్పి నంబరు మార్పించుకోవాలి. అనుమతి ముందే తీసుకోవడం మేలు, లేకపోతే మార్చిన 14 రోజుల్లోపు తెలియజేయాలి. కొన్న ఇంజిన్‌కి బిల్లు, ఏ బండి నుంచి తీశారో ఆ వివరం చేతిలో ఉంచుకోండి. ఓడీ 10 (కొరాపుట్ రిజిస్ట్రేషన్) బండితో వారం వారం ఆంధ్రా సరిహద్దు దాటేవాళ్ళకి నంబరు తేడా ఉంటే చెకింగులో ఆపేస్తారు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళతో ఇంకా పెద్ద తలనొప్పి.

ఇవాళ తాళం తిప్పొద్దు. ఆయిల్ ఇంకా బేరింగులకి చేరలేదు, టర్బో (ఇంజిన్‌లోకి గాలి నొక్కి పంపే భాగం) లోపల పొడిగా ఉంది. నాజిల్ పైపుల మూతులకీ, టర్బో గాలి పీల్చే మూతికీ శుభ్రమైన గుడ్డ కట్టి ఉంచండి, బ్యాటరీ నెగటివ్ తీసేసి పెట్టండి. నాలుగో పాఠంలో ఆయిల్ ప్రెషర్ తెప్పించడం, డీజిల్ లైన్లో ఎయిర్ తీయడం, మొదటి స్టార్టు. దానికి కొత్త డీజిల్ ఫిల్టరు, వాషర్లు, ఇంకా గాలి పీల్చే మూతిని పూర్తిగా మూసేంత వెడల్పున్న ఒక మందం చెక్క ముక్క తెచ్చుకోండి. ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తితే తాళం తీసినా ఆగకపోవచ్చు, గాలి మూసేస్తేనే ఆగుతుంది.