సన్న ల్యాప్‌టాపా, బరువైనదా? కొనేముందు ఇవి చూడండి

తిరుపతి నుంచి చిత్తూరుకు రోజూ బస్సులో తిరిగేవాళ్లయితే ముందు బరువు చూడండి, ల్యాప్‌టాప్‌ది ఒక్కటే కాదు, ఛార్జర్‌ది కూడా. గేమింగ్ మోడల్‌కి ఇటుకంత అడాప్టర్ వస్తుంది, రెండూ కలిపితే 3 కిలోలు దాటిపోవచ్చు. టైపింగ్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసుల వరకే అయితే 1.3 కిలోల సన్నది హాయిగా సరిపోతుంది.

వీడియో ఎడిటింగ్, త్రీడీ పనులుంటే మాత్రం సన్నదాని జోలికి పోకండి. లోపల గాలి ఆడే చోటు తక్కువ కాబట్టి బాగా వేడెక్కితే ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది, మన మే ఎండల్లో ఏసీ లేని గదిలో అయితే ఇంకా త్వరగా. నా పాతదాంట్లో పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే కీబోర్డు పైవరస మీద వేలు పెట్టలేకపోయాను.

ఇంకోటి, చాలా సన్న మోడళ్లలో ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమరీ) లోపలి బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. మొదటే 16 జీబీ తీసుకోండి, షాపులో "ర్యామ్ స్లాట్ ఉందా అన్నా?" అని అడగండి.