ఆర్‌పీజీ త్రీ నుంచి ఐఎల్‌ఈకి మారాలంటే ఒకేసారి దూకకండి

ఏఎస్/400 (ఐబీఎం వాళ్ల బిజినెస్ కంప్యూటర్, ఇప్పుడు ఐబీఎం ఐ అంటారు) సపోర్ట్ ప్రాజెక్టులో ఉంటే ఏదో ఒకరోజు లీడ్ వచ్చి ఈ పాత ఆర్‌పీజీ (అందులో వాడే ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాంలన్నీ ఐఎల్‌ఈకి, అంటే ముక్కలుగా రాసి కలుపుకునే కొత్త పద్ధతికి మార్చేద్దాం అంటాడు, మనం కూడా దానికో కమాండ్ ఉందిగా అని తలూపేస్తాం. కమాండ్ ఉన్నమాట నిజమే కానీ అది చేసేది సగం పని కూడా కాదు, అసలు తలనొప్పి తర్వాత మొదలవుద్ది.

ముందు కొత్త సోర్స్ ఫైల్ ఒకటి క్రియేట్ చేస్కోండి, రికార్డ్ లెంగ్త్ 112 ఇవ్వాలి (పాతదానికి 92 ఉంటది). 1994లో ఐఎల్‌ఈ కోసం ఆర్‌పీజీ ఫోర్ వచ్చినప్పుడు లైన్ వెడల్పు చేశారు, 6 అక్షరాల్లో ఫీల్డ్ పేరు ఇరికించే బాధ అప్పుడే తప్పింది. తర్వాత కన్వర్ట్ ఆర్‌పీజీ సోర్స్ కమాండ్ టైప్ చేసి ఎఫ్4 కొట్టండి, పారామీటర్లు కనపడతాయి. లాగ్ ఫైల్ దగ్గర నన్ అని పెట్టండి, లేకపోతే ఆ ఫైల్ దొరకలేదని గోల చేస్తది. రిపోర్ట్ మాత్రం ఎస్ పెట్టి, వచ్చిన స్పూల్ ఫైల్ (ప్రింట్ కోసం దాచిన అవుట్‌పుట్) కచ్చితంగా చదవండి, డీబగ్ ఆప్‌కోడ్ (ఆర్‌పీజీలో పని చెప్పే పదం) లాంటివి కొత్తదాంట్లో లేవు కాబట్టి అవి ఎక్కడున్నాయో అందులోనే తెలుస్తది.

కన్వర్ట్ అయ్యాక E స్పెక్, L స్పెక్ (స్పెక్ అంటే సోర్స్‌లో ఒక్కో రకం లైను) కనపడవు, అరేలన్నీ డేటా డిక్లేర్ చేసే D స్పెక్‌లోకి వెళ్తాయి. ఆప్‌కోడ్‌ని ఐదక్షరాల్లో ఇరికించడం కోసం మింగేసిన అచ్చులు కూడా తిరిగొస్తాయి, రిటర్న్‌కి యూ, డిలీట్‌కి చివరి ఈ. అంతే! గోటూలు, మూవ్‌లు, ఇండికేటర్లు (ఆన్/ఆఫ్ గుర్తులు) ఎక్కడివక్కడే ఉంటాయి, ఇల్లు మారాం గానీ సామానంతా పాతదే.

ఇప్పుడు పీడీఎంలో (సోర్స్ లిస్ట్ చూపించే టూల్) ఆప్షన్ 14తో కంపైల్ చెయ్యండి, డిఫాల్ట్ యాక్టివేషన్ గ్రూప్ (యాక్టివేషన్ గ్రూప్ అంటే జాబ్ లోపల ప్రోగ్రాంలు నడిచే విడి గది లాంటిది) ఎస్ అనే ఉంచండి, అప్పుడది పాత ప్రోగ్రాం లాగే నడుస్తది. ఇంకోటి, పాత కంపైల్‌లో డెసిమల్ డేటా ఎర్రర్ ఇగ్నోర్ చెయ్యమని పెట్టుంటే ఆ ఆప్షన్ ఇక్కడ లేదు, దాని బదులు ఫిక్స్ నంబర్ అనే పారామీటర్‌లో జోన్డ్ అని ఇవ్వాలి, లేకపోతే బ్లాంకులున్న న్యూమరిక్ ఫీల్డ్ తగలగానే జాబ్ ఆగిపోద్ది. ఇలా కొన్నాళ్లు నడవనివ్వండి.

ఆ తర్వాతే మాడ్యూల్స్. ఆప్షన్ 15తో మాడ్యూల్ (విడిగా కంపైలైన ముక్క) చేసి, నలుగురూ వాడే లెక్కల్ని సర్వీస్ ప్రోగ్రాంలో (అందరూ పంచుకునే ప్రొసీజర్ల మూట) పెట్టి బైండ్ చేస్తాం కదా, దీనికి డిఫాల్ట్ యాక్టివేషన్ గ్రూప్ నో చెయ్యక తప్పదు. నేను బోల్తా పడింది ఇక్కడే. ఒక క్లయింట్ దగ్గర పాత సీఎల్ ప్రోగ్రాం (కమాండ్లు వరసగా నడిపేది) ఓపెన్ క్వెరీ ఫైల్ కమాండ్‌తో ఒక్క బ్రాంచ్ రికార్డులే తీసి ఆర్‌పీజీని పిలిచేది, నేను ఆర్‌పీజీ మార్చి గ్రూప్ పేరు క్యూఐఎల్‌ఈ అని డిఫాల్ట్‌గా వచ్చిందే వదిలేశా, నైట్ బ్యాచ్‌లో రిపోర్ట్ అన్ని బ్రాంచులకీ కలిపి వచ్చేసింది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు! విషయం ఏంటంటే షేర్డ్ ఓపెన్ (ఒకరు తెరిచిన ఫైల్‌నే ఇంకో ప్రోగ్రాం వాడుకోవడం) మామూలుగా ఒకే యాక్టివేషన్ గ్రూప్ లోపలే షేర్ అవుద్ది, సీఎల్ ఉన్నది డిఫాల్ట్ గ్రూప్‌లో, ఆర్‌పీజీ ఉన్నది క్యూఐఎల్‌ఈలో, అందుకని అది ఫైల్‌ని మొత్తంగా మళ్లీ తెరిచి చదువుకుంది. ఓపెన్ స్కోప్ జాబ్ అని పెడితే సరిపోయింది. ఫైల్ ఓవర్‌రైడ్‌లకి (ఫైల్‌ని ఎలా తెరవాలో నడిచేటప్పుడు మార్చి చెప్పడం) కూడా ఇలాంటి తిరకాసే ఉంది, వేరే గ్రూప్‌లో నడిచే ఐఎల్‌ఈ సీఎల్‌లో ఇచ్చిన ఓవర్‌రైడ్ మామూలుగా డిఫాల్ట్ గ్రూప్‌లోని పాత ప్రోగ్రాంకి అందదు. కాబట్టి ఈ దశలో ఒక్కో ప్రోగ్రాం విడిగా మార్చకుండా, మెనూ నుంచి చివరి ప్రోగ్రాం దాకా ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో కాగితం మీద గీసుకుని ఆ గొలుసు మొత్తం ఒకేసారి మార్చండి. సర్వీస్ ప్రోగ్రాంలకి గ్రూప్ కాలర్ (పిలిచినవాళ్ల గ్రూపే) అని ఇవ్వడం మేలు.

సర్వీస్ ప్రోగ్రాంకి బైండర్ సోర్స్ (బయటికిచ్చే ప్రొసీజర్ల లిస్టు) మొదటిరోజే రాయండి, బద్ధకించకండి. ఎక్స్‌పోర్ట్ ఆల్ అని కానిచ్చేస్తే, రేపు కొత్త ప్రొసీజర్ ఒకటి చేర్చగానే సిగ్నేచర్ (ఆ లిస్టుకి గుర్తు) మారిపోద్ది, ఆ సర్వీస్ ప్రోగ్రాంని వాడే ప్రోగ్రాంలన్నీ సిగ్నేచర్ కలవలేదనే ఎంసీహెచ్4431 ఎర్రర్‌తో పడిపోతాయి. బైండర్ సోర్స్‌లో పాత లిస్టుని ప్రీవియస్ కింద ఉంచి, కొత్త ప్రొసీజర్‌ని కరెంట్ లిస్టులో చివర్న కలపాలి, మధ్యలో దూర్చకూడదు.

ఫ్రీ ఫార్మాట్ (కాలమ్‌ల లెక్క లేకుండా రాసే ఆర్‌పీజీ) మోజు ఉంటే అది ఆఖర్న పెట్టుకోండి. మూవ్, గోటూ, కేలిస్ట్ అందులో చెల్లవు కాబట్టి అవన్నీ చేత్తోనే తిరగరాయాలి, పైగా పాత ఎడిటర్ ఎస్ఈయూ సింటాక్స్ చెక్ ఓఎస్ వెర్షన్ 6.1 దగ్గరే ఆగిపోయింది, కొత్త డిక్లరేషన్ రాస్తే మంచి కోడ్‌ని కూడా తప్పంటది. విఎస్ కోడ్‌లో ఐబీఎం ఐ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ బాధ ఉండదు.