పండగ సేల్‌కు ముందు ఏజెంటు చేతికి డేటాబేస్ ఇస్తున్నారా? టూల్ డిస్క్రిప్షన్ విషయంలో జాగ్రత్తలు

దసరా, దీపావళి అమ్మకాల రోజుల్లో మేనేజరు చాట్‌లో "నిన్న హైదరాబాద్‌లో ఎన్ని ఆర్డర్లు పడ్డాయి?" అని అడుగుతారు. ఏఐ ఏజెంటు డేటాబేస్ టూల్‌ని (డేటాబేస్‌ను అడగడానికి దానికిచ్చిన ఫంక్షన్‌ని) పిలిచి ఒక అంకె చెబుతుంది. క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న) విఫలమై ఎర్రర్ వస్తే పెద్ద నష్టం లేదు, ఎవరో ఒకరు పట్టించుకుంటారు. క్వెరీ సాఫీగా నడిచి తప్పు అంకె వచ్చినప్పుడే ముప్పు, ఎందుకంటే ఆ అంకెను నమ్మి స్టాకు కదులుతుంది, రైడర్ల షిఫ్టులు మారతాయి. మీ టేబుళ్ల గురించి ఏజెంటును నడిపే మోడల్‌కు తెలిసేది టూల్ పేరు, డిస్క్రిప్షన్ (టూల్ ఏం చేస్తుందో చెప్పే వివరణ), పారామీటర్ల (టూల్‌కి ఇచ్చే ఇన్‌పుట్ల) వివరాలు, అంతవరకే. టీంలో పాతవాళ్లకు నోటికొచ్చిన సంగతులేవీ దానికి తెలియవు. కోడ్ ఫ్రీజ్ (సేల్‌కు ముందు కోడ్ మార్పులు ఆపేసే గడువు) పడకముందే డిస్క్రిప్షన్లు సరిచేసే పని ముగించండి. డిస్క్రిప్షన్‌లో ఒక్క వాక్యం మార్చినా ఏజెంటు నడత మారుతుంది కనుక అది కూడా డిప్లాయ్‌మెంటే.

ముందు తాళాలు

"ఈ టూల్‌తో డేటా మార్చకూడదు" అని రాసుకోవడం తాళం వేసినట్టు కాదు. ఎంసీపీలో (ఏజెంటుకు టూల్స్ కలిపే ప్రమాణం) టూల్‌కి తగిలించే రీడ్-ఓన్లీ (చదవడానికి మాత్రమే) గుర్తు కూడా సూచన మాత్రమే, అది ఏదీ ఆపదు. మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే ఏజెంటుకు వేరే రోల్ (యూజర్ ఖాతా) పెట్టి, అవసరమైన వ్యూల (సిద్ధం చేసిన క్వెరీని టేబుల్‌లా చూపేవాటి) మీద సెలెక్ట్, అంటే చదివే అనుమతి ఒక్కటే ఇవ్వండి. రోల్‌కి పెట్టిన రీడ్-ఓన్లీ డిఫాల్టునూ, స్టేట్‌మెంట్ టైమౌటునూ (క్వెరీ ఎంతసేపు నడవొచ్చన్న పరిమితిని) అదే సెషన్‌లో సెట్ కమాండుతో మార్చేసుకోవచ్చు, కాబట్టి వాటినే నమ్ముకోవద్దు.

క్వెరీ మొదటి పదం చూసి వదిలే చెక్కులు కూడా పనికిరావు. 'విత్'తో మొదలైన క్వెరీ లోపల డిలీట్ ఉండొచ్చు. 'ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్' పక్కన డిలీట్ పెడితే క్వెరీ ఎలా నడుస్తుందన్న ప్లాన్ చూపించడంతో ఆగదు, వరుసల్ని నిజంగానే తుడిచేస్తుంది. మామూలు సెలెక్ట్ కూడా డేటా మార్చే ఫంక్షన్‌ని పిలవగలదు.

ఊరు, తేదీ, డబ్బు

తప్పులు ఎక్కువగా దూరేది ఇక్కడే.

జిల్లా కాలమ్‌లో 'హైదరాబాద్' అని ఫిల్టర్ పెడితే మాదాపూర్, గచ్చిబౌలి రావు, అవి రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరిలో ఉంది. అడిగినవాళ్ల ఉద్దేశం నగరం, టూల్ ఇచ్చింది జిల్లా. అంకె కాస్త చిన్నదిగా వస్తుందే తప్ప సున్నా రాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పాత రికార్డులుంటే ఇంకో చిక్కు. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. అంతకుముందు రాసిన వరుసల్లో 'రంగారెడ్డి' అంటే ఇప్పటి రంగారెడ్డి కాదు. ఏ కాలమ్ నగరానికి, ఏది జిల్లాకు, ఏ పేర్లు ఏ ఏడాది నాటివి అన్నది డిస్క్రిప్షన్‌లో ఉండాలి. స్పెల్లింగుల గొడవ వదిలించుకోవాలంటే ఏరియాను పిన్‌కోడ్‌గా తీసుకోవడం మేలు.

రాష్ట్ర కోడ్ కూడా అంతే. జీఎస్టీలో తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. రైడర్ల బండి నంబర్లలో 2024 మార్చి నుంచి కొత్తవి 'టీజీ', పాతవి 'టీఎస్'. ఒక్కదానికే ఫిల్టర్ పెడితే మిగతా బళ్లు మాయం.

తేదీ యూటీసీలో (మన కాలమానానికి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం) ఉంటే, రాత్రి 12 నుంచి ఉదయం 5:30 లోపు పడిన ఆర్డర్లు ముందురోజు ఖాతాలోకి పోతాయి. అర్ధరాత్రి తెరుచుకునే సేల్‌లో ఆ గంటలే కీలకం. మార్పిడిని మోడల్‌కు అప్పగించకండి, వ్యూలోనే భారత కాలమానానికి మార్చి, ఆ సంగతి రాయండి. "గత నెల", "ఈ ఏడాది" లాంటి మాటలకు అర్థం చెప్పండి: ఏడాది జనవరి నుంచా, ఏప్రిల్ 1 నుంచా?

డబ్బు పైసల్లో దాచితే ఉదాహరణతో సహా చెప్పాలి: 499900 అంటే 4,999 రూపాయలు.

రాసే తీరు

'డేటాబేస్‌లో ఆర్డర్లు వెతుకుతుంది' అన్న వాక్యంతో ఏ పనీ జరగదు. ఇలా రాస్తే పనికొస్తుంది:

"ఏరియా వారీగా రోజువారీ ఆర్డర్ల సంఖ్య, మొత్తం ఇస్తుంది. ఒక్కో వరుస ఒక పిన్‌కోడ్‌కు ఒక రోజు. తేదీలు భారత కాలమానంలో. మొదటి, చివరి రోజులు రెండూ లెక్కలోకి వస్తాయి. ఒకసారికి గరిష్ఠంగా 31 రోజులు. పిన్‌కోడ్ ఆరు అంకెల స్ట్రింగ్, ఉదాహరణకు 500072. పిన్ తెలియకపోతే ముందు 'ఏరియా_వెతుకు' పిలవాలి. మొత్తం పైసల్లో. రద్దయినవి, టెస్టు ఆర్డర్లు కలవవు. డేటా 15 నిమిషాల దాకా వెనకబడి ఉండొచ్చు. ఒక ఆర్డరు ఇప్పుడెక్కడుందని అడిగితే ఇది కాదు, 'ఆర్డర్_స్థితి' వాడాలి."

ఇందులో 'ఒక్కో వరుస' అన్న వాక్యాన్ని ఎప్పుడూ వదలకండి. నేరుగా ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) రాయనిచ్చే టూల్ అయితే మరీను: ఆర్డర్ల టేబుల్‌ని వస్తువుల టేబుల్‌తో కలిపి మొత్తం కూడితే, మూడు వస్తువులున్న ఆర్డరు సొమ్ము మూడుసార్లు పడుతుంది. చివరి వాక్యమూ ముఖ్యమే. రెండు టూల్స్ పేర్లు, పనులు దగ్గరదగ్గరగా ఉంటే మోడల్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. తేడా చెప్పలేకపోతే రెండింటినీ ఒకటి చేయండి. డిస్క్రిప్షన్లు ప్రతి పిలుపులోనూ కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకసారికి చదవగలిగే పరిధిలో) చోటు తింటాయి, కాబట్టి మొత్తం స్కీమా (టేబుళ్లు, కాలమ్‌ల నిర్మాణం) తెచ్చి కుమ్మరించొద్దు. స్టేటస్ లాంటి కాలమ్‌కు చెల్లే విలువలన్నీ ఈనమ్‌గా (చెల్లే విలువల స్థిర జాబితాగా) ఇస్తే పేరాలు ఆదా.

తిరిగొచ్చేదానిలో

200 వరుసల పరిమితి పెట్టి ఆ మాట చెప్పకపోతే, ఏజెంటు "మొత్తం 200 ఆర్డర్లు" అంటుంది. ఫలితంలోనే "200 చూపించాం, ఇంకా ఉన్నాయి, లెక్క కావాలంటే సమ్మరీ టూల్ పిలవండి" అని రావాలి. ఎర్రర్ కూడా దారి చూపాలి: 'చెల్లని ఇన్‌పుట్' కాదు, "31 రోజులు దాటింది, రెండు భాగాలుగా అడగండి". ఖాళీ ఫలితం వస్తే ఆ పిన్‌కోడ్ అసలు లేదా, ఉండి ఆర్డర్లు పడలేదా అన్నది వేరుగా చెప్పండి.

కస్టమర్లు రాసిన రివ్యూలు, డెలివరీ సూచనలు వచ్చే కాలమ్‌లో "పాత సూచనలు వదిలేయ్" లాంటి మాటలు ఎవరైనా పెట్టొచ్చు. అది డేటాయే, ఆదేశం కాదని రాయండి. అంతకన్నా మంచిది, అవసరం లేని టూల్‌లోంచి ఆ కాలమ్ తీసేయడం.

సేల్ వారానికి ముందు, సరైన జవాబు చేత్తో లెక్కగట్టిన 20 ప్రశ్నలు ఏజెంటుకు వేయండి. తెల్లవారుజామున 2 గంటల ఆర్డరు, మాదాపూర్ కలిసిన 'హైదరాబాద్', టూల్ అసలు పిలవకూడని ప్రశ్న ఒకటి వాటిలో తప్పక ఉండాలి. జవాబుతో పాటు ఏ టూల్‌ని ఏ పారామీటర్లతో పిలిచిందో లాగ్ చదవండి, రెండు తప్పులు కలిసి ఒప్పు అంకె ఇచ్చిన సందర్భాలు అక్కడే దొరుకుతాయి. ఆ తరువాత కాలమ్ మార్చే ప్రతి మైగ్రేషన్‌తో (డేటాబేస్ నిర్మాణ మార్పుతో) డిస్క్రిప్షన్ ఫైలు కూడా రివ్యూకి రావాలని రూలు పెట్టి, ఆ 20 ప్రశ్నలను మళ్లీ నడపండి.