ఒంగోలు గిత్త పోషణ, మూడో పాఠం: కుంకుడుకాయ స్నానం, వేపనూనె

పోయిన పాఠంలో పొడిగా రుద్దడం చెప్పాను. కొబ్బరి పీచుతో రోజూ కాసేపు రుద్దుతున్నవాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది, గిత్తకి స్నానం అవసరం చాలావరకు దాంతోనే తీరిపోతుందని. ఇంకా మొదలుపెట్టనివాళ్లు బకెట్ పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. ఎండిన పేడ, దుమ్ము, రాలిన వెంట్రుకలు ఒంటిమీద ఉండగానే నీళ్లు పోస్తే అదంతా బురదై కుదుళ్లలోకి దిగుతుంది, ఆ తర్వాత ఎంత తోమినా ఓ పట్టాన వదలదు.

ఎండాకాలం ఉత్త నీళ్లు రోజూ పోసినా తప్పులేదు, మన ప్రకాశం ఎండలకి దానికీ హాయి. కుంకుడు రసం మాత్రం పదిహేను రోజులకోసారి చాలు, ఎందుకంటే చర్మం మీద సన్నటి జిడ్డు పొర ఉంటుంది, అది పోతే పొట్టు లేస్తుంది, దురద మొదలవుతుంది. బండలాగుడు పందేల ముందు గిత్త మెరవాలని డిటర్జెంట్ పొడి వేసి తోమేవాళ్లున్నారు. రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత కట్టుగొయ్యకి ఒళ్లు ఒరుసుకుంటూ నిలబడుతుంది. కొత్తగా గిత్తను కొన్న కుర్రాళ్లు చేసే ఇంకో పని, మెడ మీదా మూపురం మీదా ఉన్న బూడిద రంగుని మురికనుకుని అరగదీయడం. అది ఒంగోలు గిత్తల సహజమైన రంగు అబ్బాయిలూ, దాన్ని వదిలేయండి.

సరే, రసం. పెద్ద గిత్తకైతే రెండు పిడికిళ్ల కుంకుడుకాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, ఒకటిన్నర లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున్నే బాగా పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే తొక్కల ముక్కలు వెంట్రుకల్లో ఇరుక్కుని తియ్యలేక మీకే విసుగొస్తుంది. శీకాయ పొడి వాడొచ్చు కానీ తెల్లటి ఒంటి మీద ఆ గోధుమరంగు పొడి కడిగినా కనిపిస్తూనే ఉంటుంది, నాకైతే నచ్చదు.

కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకి కుంకుడుతో ఇంకో లాభం ఉంది. ఆ గట్టి నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, పైగా నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకి అంటుకుంటుంది. కుంకుడులో నురగ తెప్పించే సపోనిన్లు అలా తెట్టు కట్టవు.

నీళ్లు మొట్టమొదట కాళ్ల మీద పోయండి. గిత్త కాస్త నిమ్మళించాక తొడలు, పొట్ట, వీపు, చివర్న మెడ. ఒక్కసారిగా వీపు మీద గుమ్మరిస్తే ఎంత సాధు గిత్తయినా కాలు విసురుతుంది, అందుకే మీరు వెనక కాకుండా భుజం పక్కన నిలబడాలి. ఒళ్లు తడిశాక రసం రుద్దండి. తల మీద మాత్రం వద్దు, కళ్లలో పడితే ఎంత మంటో తలంటు పోసుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మొహం, చెవులు తడిగుడ్డతో తుడవండి, అంతే. గంగడోలు (మెడ కింద వేలాడే చర్మం) మడతలు, మూపురం వెనక పల్లం, తోక మొదలు, తొడల మధ్య, ఈ నాలుగు చోట్లా చేతివేళ్లతోనే రుద్దండి, బ్రష్షు వద్దు, ఎందుకంటే రక్తం తాగే పిడుదులు దాక్కునేది అక్కడే, అవి వేళ్లకే తెలుస్తాయి. తోక కుచ్చులో పల్లేరు కాయలుంటే లాగకండి. కాస్త ఆముదం రాసి కాసేపాగితే జారి వస్తాయి.

రుద్దిన దానికి రెండింతల సేపు కడగాలి. ఆ కడిగిన నీళ్లు చేపల గుంటలోకి, చెరువులోకి పోకుండా చూసుకోండి. సపోనిన్లు చేపల మొప్పల్ని దెబ్బతీస్తాయి. నెల్లూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లకి ఇది కొత్త సంగతి కాదు, చెరువులో అక్కర్లేని చేపల్ని చంపడానికి వాళ్లు వేసే టీ సీడ్ కేక్‌లో (నూనె తీశాక మిగిలే టీ గింజల పిండిలో) పనిచేసేది కూడా సపోనిన్లే. తర్వాత పొడి గోనెసంచితో ఒళ్లంతా తుడిచి, గాలి ఆడేచోట కట్టేయండి. చలికాలంలో ఎండ బాగా వచ్చాకే స్నానం మొదలుపెట్టండి.

ఇక పిడుదులకి వేపనూనె. ఒళ్లు పూర్తిగా ఆరాక, సాయంత్రం పూట. లీటరు నీళ్లకి రెండు చెంచాలు, అంటే పది మిల్లీలీటర్లు చాలు. నూనె నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలిపోతుంది, అందుకని పొద్దున మిగిల్చిన కుంకుడు రసంలో ముందు బాగా గిలక్కొట్టి, తర్వాత నీళ్లు కలపండి. మొదటిసారి అరచెయ్యంత మేర మాత్రమే రాసి మర్నాటి దాకా చూడండి, ఎర్రబడకపోతేనే మిగతా ఒంటికి. చిన్న దూడలకి వద్దు. పుండ్ల మీద, కళ్ల దగ్గర వద్దు.

పిడుదులకి పొగాకు కషాయం పూయమని మా జిల్లాలో చెప్పనివాళ్లు ఉండరు, పొగాకు పండే నేల కదా. వద్దు. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది, గిత్త నాకితే లోపలికీ పోతుంది, రాసే మీ చేతులకీ క్షేమం కాదు. చెట్టు నుంచి వచ్చిందంటే మంచిదేనన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. సీతాఫలం గింజల పొడీ అంతే, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

గిత్తకి ఎంత రాసినా కొట్టాన్ని వదిలేస్తే సగం పనే. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందకి రాలి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. పగుళ్లు పూడ్చి సున్నం కొట్టండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలకి వేపనూనె మందు కాదు. మేత మానేసి, ఒళ్లు కాలుతూ, మూత్రం కాఫీ రంగులో వస్తే ఆలస్యం చెయ్యకుండా 1962కి ఫోన్ చేసి పశువుల అంబులెన్సుని పిలవండి.

వచ్చే పాఠం కొమ్ములూ గిట్టలూ. దానికి పావులీటరు ఆముదం, పాత నూలుగుడ్డ, గిట్టల సందులు శుభ్రం చెయ్యడానికి మొన మొద్దుగా ఉన్న పుల్ల సిద్ధం చేసుకోండి. ఈలోపు రోజూ ఒక్కో కాలు ఎత్తి, కాసేపు పట్టుకుని దించడం అలవాటు చెయ్యండి. ముందు కాళ్లతో మొదలుపెట్టండి, వెనక కాళ్ల జోలికి ఇప్పుడే పోకండి.