నెట్‌వర్క్ స్విచ్ పాఠాలు – 5: పీఓఈ బడ్జెట్

గత పాఠంలో కెమెరాలకు వేరే వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్) కట్టాం. ఈసారి అదే కేబుల్‌లో వాటికి కరెంటు పంపుదాం. దీన్నే పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అంటారు. ఇలా అన్ని పోర్టులకూ కలిపి స్విచ్ ఇవ్వగల మొత్తం వాట్లే దాని బడ్జెట్.

ముందు అంకెలు. 2003 నాటి పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్‌లో పోర్టుకు 15.4 వాట్లు, 2009లో వచ్చిన ఏటీలో 30, 2018 నాటి బీటీలో 90 దాకా. కేబుల్‌లో కొంత పోతుంది కాబట్టి 15.4లో పరికరానికి దక్కేది 12.95 మాత్రమే. ల్యాప్‌టాప్ పెడితే కాలిపోతుందేమోనని భయపడకండి. అవతల సుమారు 25 కిలోఓముల నిరోధం కనిపిస్తేనే స్విచ్ పవర్ వదులుతుంది.

చాలామంది తడబడేది బడ్జెట్ దగ్గరే. సిస్కో క్యాటలిస్ట్ 2960-ఎక్స్‌లో 48 పోర్టులు, 370 వాట్ల మోడల్ తీసుకోండి. మీ కెమెరా క్లాస్ 0 (తనకెంత పవర్ కావాలో స్విచ్‌కు విడిగా చెప్పని తరగతి) అనుకుందాం. అది తినేది 5 వాట్లే అయినా స్విచ్ దాని పేరున 15.4 పక్కన పెట్టేస్తుంది. అలా 24 కెమెరాలకే 369.6 వాట్లు అయిపోతాయి. 25వది పెట్టగానే ఆ పోర్టులో 'పవర్ డినై' కనిపిస్తుంది. కేబుల్‌నో కెమెరానో అనుమానించి మార్చేముందు 'షో పవర్ ఇన్‌లైన్' కొట్టి, పైనున్న 'రిమైనింగ్' అంకె చూడండి.

దారి ఉంది. పోర్టులోకి వెళ్లి 'పవర్ ఇన్‌లైన్ కన్సంప్షన్ 8000' ఇస్తే 8 వాట్లే లెక్కలోకి వస్తాయి. ఇక్కడ అంకె మిల్లీవాట్లలో ఇవ్వాలి. అయితే ఆ 8 ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ముఖ్యం. పగలు చూసిన వాడకాన్ని నమ్మి పెట్టొద్దు. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కెమెరా ఎక్కువ లాగుతుంది. డేటాషీట్‌లో రాసిన గరిష్ఠ వాడకమే వాడండి. తక్కువ రాస్తే స్విచ్ లెక్క తప్పి, పవర్ సప్లై మీద ఓవర్‌లోడ్ పడొచ్చు.

మరో రెండు కమాండ్లు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకూడని వైఫై యాక్సెస్ పాయింట్‌కు 'పవర్ ఇన్‌లైన్ స్టాటిక్' ఇవ్వండి, దాని వాటా ముందే కట్టిపెట్టి ఉంటుంది. పవర్ అక్కర్లేని పోర్టుకు 'పవర్ ఇన్‌లైన్ నెవర్'.

అభ్యాసం: మీ పరికరాల క్లాసులు రాసుకుని, స్విచ్ ఎంత పక్కన పెడుతుందో కాగితం మీద కూడండి. తర్వాత 'షో పవర్ ఇన్‌లైన్'లోని 'యూజ్డ్'తో పోల్చండి. తేడా వస్తే ఏ పోర్టులో వచ్చిందో గుర్తుపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఎల్ఎల్‌డీపీని (పరికరాలు తమ వివరాలు స్విచ్‌కు చెప్పుకునే పద్ధతి) అక్కడి నుంచే మొదలుపెడదాం.