ప్యాచ్‌వర్క్ కిటికీ బ్లైండ్ ఇంట్లోనే కుట్టడం ఎలా? (వంకర పోకుండా)

బ్లైండ్ అంటే కర్టెన్ కాదు, ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి. కర్టెన్ కుచ్చులు కుచ్చులుగా వేలాడుతుంది కాబట్టి ఇంచు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలీదు. బ్లైండ్ అంటే తాడు లాగితే మడతలు మడతలుగా పైకి లేచే కిటికీ తెర, దించితే పలకలా చదునుగా ఉంటుంది, వెనక నుంచి ఎండ కొడుతుంది, ఏ వంకరైనా అందులో కనిపించి తీరుతుంది. మా ఇంటికీ చుట్టాల ఇళ్లకీ చాలానే కుట్టాను, వేరేవాళ్లు కుట్టుకున్నవీ చూశాను, పాడైనవన్నీ దాదాపు ఒక్క చోటే పాడయ్యాయి, ముక్కలు అతికే దగ్గర.

కొలత సులువే. ఫ్రేమ్ లోపలి వెడల్పు పైన, మధ్యలో, కింద కొలిచి, తక్కువ వచ్చిన దాంట్లోంచి అర ఇంచు తీసేయండి. ఇక్కడ 36 ఇంచుల వెడల్పు, 48 ఇంచుల ఎత్తు లెక్క చెప్తున్నా. 6 ఇంచుల చదరాలు, అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48 ముక్కలు. కట్ చేసేది మాత్రం ఆరున్నర ఇంచులకి, అన్ని వైపులా పావు ఇంచు కుట్టులోకి పోతుంది కదా.

గుడ్డ సికింద్రాబాద్ జనరల్ బజార్లో, చెక్క పట్టీ, సన్న రాడ్లు, స్క్రూలు రాణిగంజ్‌లో తెచ్చుకోండి. వెల్క్రో, నైలాన్ తాడు, చిన్న ప్లాస్టిక్ రింగులు 9 కావాలి. గుడ్డ కాటన్ మాత్రమే. పాత పోచంపల్లి దుప్పటి, నేత చీరలు బ్రహ్మాండంగా వస్తాయి. పట్టు చీర ముక్కలు వద్దు, ఎండకి పట్టు పోగు తొందరగా చివికిపోతుంది. అస్తరు తెల్లదే వేయాలి, మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో పడమటి కిటికీ ఎలా కాలుతుందో తెలుసుగా, ముదురు రంగు అస్తరు ఆ వేడంతా పీల్చుకుంటుంది. కొత్త గుడ్డయితే అస్తరుతో సహా రాత్రంతా నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టండి.

ఇక అసలు పని. అమ్మమ్మలు బొంత కుట్టినట్టు కుట్టేద్దాం అనుకుంటారు చాలామంది. బొంత కప్పుకునేది, ఒక మూల లాగినా చలి ఆగుతుంది. ఇక్కడ ప్రతి అతుకూ పావు ఇంచు, సరిగ్గా పావు ఇంచు ఉండాలి. ఎందుకింత పట్టు అంటే, ఒక్కో అతుకులో రెండు ముక్కలూ కలిపి పావు ఇంచులో సగం ఎక్కువ పోయిందనుకోండి, అడ్డంగా 5 అతుకులు, అంటే వరసలో అర ఇంచు పైనే మాయం. ఒక వరస అలా తగ్గి, కింద వరస సరిగ్గా వస్తే రెండూ ఎలా కలుస్తాయి? అప్పుడు గుడ్డని లాగి లాగి కలుపుతారు, అదే బ్లైండ్ మధ్యలో పొట్టలా ఉబ్బుతుంది.

అందుకని మొదట మూడు ముక్కలు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. 18న్నర ఇంచులు రావాలి. రాకపోతే మిషన్ ప్లేటు మీద, సూది నుంచి పావు ఇంచు దూరంలో ఒక టేపు ముక్క అతికించుకుని గుడ్డ అంచు దానికి ఆనించి కుట్టండి, 18న్నర వచ్చేదాకా రెండో వరస మొదలుపెట్టొద్దు. నేను అయితే అది వచ్చేవరకు మూడుసార్లు కూడా విప్పుతా.

ఇస్త్రీ పెట్టెని ఈడ్చొద్దు, పెట్టి అదిమి ఎత్తాలి, ఈడిస్తే కాటన్ సాగుతుంది. వెనక మిగిలిన అంచులు ఒకటో వరసలో అన్నీ ఎడమకి, రెండో వరసలో అన్నీ కుడికి పడుకోబెట్టండి. రెండు వరసల్ని ఎదురెదురుగా పెట్టి అతుకుని వేళ్లతో నిమిరితే, ఒక ఉబ్బు ఇంకో ఉబ్బు పక్కన గాడిలో కూర్చున్నట్టు టక్కున ఆగుతుంది, వేలికి తెలుస్తుంది. అక్కడ పిన్ను పెట్టి, సూది దాని దగ్గరికి వచ్చాకే తీయండి. పిన్నులెందుకు, చేత్తో పట్టుకుంటే చాలు అనేవాళ్ల చదరాలు మెట్లు మెట్లుగా ఉంటాయి.

అన్నీ కలిశాక చుట్టూ పావు ఇంచు లోపలికి గీత గీసి, మూల నుంచి మూలకి టేపు పెట్టండి. 36, 48 కొలతలకి ఐమూల సరిగ్గా 60 ఇంచులు, టైలర్ టేపు పొడవూ అంతే, ఆ చివర ఈ చివర రెండు మూలలకీ అంటుకోవాలి. 36, 48, 60ని 12తో భాగిస్తే 3, 4, 5 వస్తాయి, మేస్త్రీలు పునాదికి మూలమట్టం చూసేది కూడా ఈ 3, 4, 5 లెక్కతోనే. రెండు ఐమూలలూ సమానంగా రాకపోతే అస్తరు వేయకండి, ఒకసారి వేశాక ఏ దేవుడూ సరిచేయలేడు. పక్కింటి అక్క ఆ తొందరలోనే వేసేసింది, ఇప్పుడు ఆమె బ్లైండ్ ఎత్తిన ప్రతిసారీ ఎడమ మూల కిందికి జారుతుంది.

తర్వాతంతా తేలిక. మంచి వైపులు లోపలికి పెట్టి మూడు వైపులా కుట్టి తిరగేయండి, పైన మడిచి వెల్క్రో కుట్టండి, దాని జత పట్టీ కిటికీ పైన బిగించే చెక్క పట్టీకి వేయాలి. కింది నుంచి 6, 18, 30 ఇంచుల దగ్గర, అంటే అతుకు గీతల మీదే, నాడాని గొట్టంలా మడిచి అస్తరు వైపు కుట్టి రాడ్లు దూర్చండి. అతుకులోనే పడుతుంది కాబట్టి ముందు వైపు కుట్టు కనిపించదు, 6 ఇంచుల చదరాలే కట్ చేయమని అందుకే అన్నాను. ఒక్కో రాడ్డుకి 3 రింగులు, వాటి గుండా కింది నుంచి పైకి తాళ్లు, పైన చెక్క పట్టీకి రింగు స్క్రూలు, తాళ్లన్నీ వాటిలోంచి ఒక పక్కకి తీయాలి.

తాడు చుట్టే కొక్కెం మాత్రం నేల నుంచి 5 అడుగుల పైనే బిగించండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మంచం, స్టూలు ఆ కిటికీ దగ్గర పెట్టకండి, వేలాడే తాడు మెడకి చుట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది. ఉతకాలంటే రాడ్లు లాగేసి, వెల్క్రో పీకి, చేత్తో ఉతికి, నీడలో ఆరేయండి.